చౌడు, గరప, పాత రొయ్యల చెరువుల్లో ఇంధన పంట: కొనేవాళ్లను వెతకడం దగ్గర్నుంచి రెండో కోత దాకా

"చౌడు పట్టిన నాలుగెకరాలు ఊరికే పడి ఉన్నాయి. నేపియర్ గడ్డి వేస్తే గ్యాస్ ప్లాంటువాళ్లు కొంటారంట కదా, వేసేద్దామా?" ఈ మధ్య ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. 2024 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లకు రిలయన్స్ ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచి అడిగేవాళ్లు ఇంకా పెరిగారు.

చౌడులో నీళ్లు లేకుండా నేపియర్ వేయకండి. అది బీడు భూమి పంట కాదు, బాగా నీళ్లు తాగే పంట. అయితే ఆ నాలుగెకరాలు పనికిరావని కూడా చెప్పను. వేరే మొక్కతో, వేరే వరుసలో పని మొదలుపెట్టాలి.

ఒక మాట మాత్రం మొదటే గుర్తుంచుకోండి. బీడులో బతికే మొక్క వేరు, బీడులో టన్నులిచ్చే మొక్క వేరు. బయోడీజిల్ గింజల కోసం వేసిన జట్రోఫా విషయంలో దేశమంతా దెబ్బతిన్నది ఇక్కడే. మొక్క బతికింది, గింజ రాలేదు.

## 1. మొక్కకన్నా ముందు కొనేవాళ్లు

ఇంధన పంటను కొనేవాళ్లు మూడు రకాలు. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికిరాదు.

బాయిలర్లు, విద్యుత్ ప్లాంట్లు. వీళ్లకు ఎండిన కర్ర లేదా చిప్స్ కావాలి. చెక్కలో బూడిద మామూలుగా ఒకటి రెండు శాతం ఉంటుంది. గడ్డిలో అంతకు చాలా రెట్లు ఉంటుంది, పైగా పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. అవి బాయిలర్ గొట్టాల మీద పెంకు కడతాయి. అందుకే గడ్డి లారీలను వెనక్కి పంపుతారు, లేదా ధర కోస్తారు.

పెల్లెట్, బ్రికెట్ యూనిట్లు (పొట్టును, కొమ్మల్ని నొక్కి ఇంధన గుళికలు, దిమ్మెలు చేసేవి). థర్మల్ ప్లాంట్లు బొగ్గులో కొంత శాతం బయోమాస్ కలిపి కాల్చాలన్న కేంద్ర విధానం 2021లో వచ్చింది. వీళ్లకు గిరాకీ అక్కడ్నుంచే. చిన్న కొమ్మలు, రంపపు పొట్టు, చిల్లకంప కూడా తీసుకుంటారు. తేమ తక్కువ ఉండాలి.

బయోగ్యాస్ ప్లాంట్లు. వీళ్లకు పచ్చి గడ్డి కావాలి, అదీ రోజూ. కర్ర పనికిరాదు. ట్యాంకులోని బాక్టీరియా చెక్కను అరిగించుకోలేదు.

నాలుగో కొనుగోలుదారు కూడా ఉన్నాడు, కాగితం మిల్లు. సుబాబుల్, సరుగుడు, జామాయిల్‌కు చాలాచోట్ల ఇంధనం ధరకన్నా గుజ్జు కర్ర ధరే మెరుగు. కాబట్టి ఇద్దరు కొనే మొక్కను వేయండి. లావు కర్ర మిల్లుకు, కొమ్మలు, వంకరవి బాయిలర్‌కు పోతే ఎకరం లెక్క నిలబడుతుంది. ఇంధనం ఒక్కదాన్నే నమ్ముకుని పెట్టుబడి పెట్టమని నేను చెప్పను.

కొనేవాళ్లను అడగాల్సినవి:

- గేటు దగ్గర ధరా, పొలం దగ్గర ధరా? నరుకుడు, లోడింగ్ ఎవరిది?
- తేమ ఎంతదాకా ఒప్పుకుంటారు? ఎక్కువైతే ధరలో కోత ఎలా వేస్తారు?
- బెరడుతో తీసుకుంటారా, ఒలిచి ఇవ్వాలా?
- తూకం ఎవరి వేబ్రిడ్జిలో? బయట తూకం చీటీ ఒప్పుకుంటారా?
- డబ్బు ఎన్ని రోజుల్లో?
- బయోగ్యాస్ అయితే: మిగిలిన స్లర్రీ లేదా ఎరువు పొలానికి వెనక్కి ఇస్తారా?

చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. నేపియర్ ఏడాదికి ఆరేడు కోతలు కోసి తీసుకుపోతే పొలంలోని నత్రజని, పొటాష్ కూడా లారీ ఎక్కిపోతాయి. స్లర్రీ వెనక్కి రాకపోతే ఆ ఎరువు ఖర్చు మీదే.

దూరం 50 కిలోమీటర్లు దాటితే గడ్డి ఆలోచన మానేయండి. పచ్చి గడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే, లారీ కిరాయి ఆ నీళ్లకే కడతారు.

## 2. నేలను చదవడం

మీటరు లోతు గుంత ఒకటి తవ్వండి. నాలుగెకరాలకు రెండు చోట్లయినా కావాలి, పై మిట్టన ఒకటి, పల్లంలో ఒకటి. గోడలు చూడండి. సున్నపు గడ్డల పొర ఎక్కడ తగిలింది, మొరం ఎంత లోతులో ఉంది, తడి ఎక్కడ మొదలైంది, రాసుకోండి.

అదే గుంతలో అడుగు ఎత్తున నీళ్లు పోసి ఇంకనివ్వండి, మళ్లీ పోయండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ అలాగే నిలిచి ఉంటే మురుగు సమస్య ఉన్నట్టే. మురుగు కాలువ లేకుండా ఆ నేలలో ఏది వేసినా పోతుంది.

తర్వాత సీసా పరీక్ష. గాజు సీసాలో గుప్పెడు మట్టి వేసి వాన నీళ్లు పోసి బాగా కుదిపి పక్కన పెట్టండి. కాసేపటికి పైన నీళ్లు తేటపడితే సోడియం సమస్య పెద్దగా లేదు. మర్నాటికీ బురదగానే ఉంటే కారుచౌడు అనుమానం. బోరు నీళ్లతో చేయకండి, ఆ నీళ్లలోని లవణాల వల్ల మట్టి త్వరగా అడుక్కి చేరి మోసపోతారు.

ల్యాబ్‌కు 0–15, 15–30, 30–60, 60–90 సెంటీమీటర్ల మట్టిని విడివిడిగా పంపండి. పైమట్టి ఒక్కటే పంపితే చెట్టుకు పనికొచ్చే సమాచారం రాదు. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. చౌడు నేలల మీద, ఉప్పునీటి మీద బాపట్లలో ప్రత్యేక పరిశోధన కేంద్రమే ఉంది.

- పాలచౌడు: లవణ సూచిక (ఈసీ) 4 కన్నా ఎక్కువ, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 లోపు. ఎండాకాలం తెల్లటి ఉప్పు పొర.
- కారుచౌడు: ఉదజని సూచిక 8.5 పైన, మార్పిడి సోడియం (మట్టి రేణువులకు అంటుకుని ఉన్నది) 15 శాతం పైన. ఎండితే రాయి, తడిస్తే జారుడు. పైన నల్లటి పొర.
- రెండూ కలిసినవి: ఈసీ ఎక్కువ, సోడియమూ ఎక్కువ. అసలు జాగ్రత్త వీటితోనే.

ఈసీ ఏ పద్ధతిలో కొలిచారో రిపోర్టులో చూడండి. పైన చెప్పిన 4 అన్నది మట్టిని నీటితో ముద్దగా నానబెట్టి పిండిన ద్రావణంలో కొలిచే అంకె. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలిస్తే అదే నేలకు చిన్న అంకె వస్తుంది. అది చూసి "మా నేల బాగానే ఉంది" అనుకుంటారు.

## 3. కాగితాలు

అసైన్డ్ భూమి అయితే లీజు సంతకానికి ముందు తహసీల్దార్ కార్యాలయంలో అడగండి. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ భూముల బదలాయింపు మీద ఆంక్షలున్నాయి. చెట్లు నరకడానికి, రవాణాకు ఏ జాతికి అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో అటవీ రేంజ్ ఆఫీసులో నాటే ముందే కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఈ-పంటలో (ప్రభుత్వ పంటల నమోదులో) నమోదు చేయించండి.

రికార్డులో బంజరు అని ఉన్నంత మాత్రాన అది ఖాళీ భూమి కాదు. ఎవరి మేకలో, గొర్రెలో అక్కడ మేస్తూ ఉంటాయి. వాళ్లతో మాట్లాడకుండా కంచె వేస్తే మొదటి ఎండాకాలంలోనే తోట కాలిపోవచ్చు. నడిచే దారి, కొంత మేత వదిలిపెట్టడం కంచెకన్నా చవక.

## 4. నేలను బాగుచేయడం

### 4.1 పాలచౌడు

మందు నీళ్లే. మడులు కట్టి, చదును చేసి, మంచి నీళ్లు లేదా వాన నీళ్లు నిలబెట్టి కిందికి ఇంకనివ్వాలి. ఉప్పు బయటికి పోవడానికి పొలం కన్నా లోతుగా కాలువ ఉండాలి. కాలువ లేకుండా నీళ్లు పెడితే ఉప్పు కిందికి వెళ్లి, ఎండాకాలం మళ్లీ పైకొస్తుంది.

### 4.2 కారుచౌడు

ఇక్కడ వరుస తప్పితే నేల ఇంకా చెడుతుంది. రెండూ కలిసిన నేలలో, సోడియంను వదిలించే జిప్సం వేయకుండా ముందే నీళ్లు పెట్టి కడిగేస్తారు. ఉప్పు పోతుంది, సోడియం ఉండిపోతుంది. అప్పటిదాకా మట్టి రేణువుల్ని పట్టి ఉంచింది ఆ ఉప్పే. అది పోగానే మట్టి పేస్టులా మారి నీళ్లు ఇంకడం ఆగిపోతుంది.

సరైన వరుస:

1. గట్లు వేసి, మడుల్ని చదును చేయండి. మిట్టపల్లాలుంటే మిట్టల మీద చౌడు అలాగే ఉండిపోతుంది.
2. మురుగు కాలువ తీయండి.
3. ల్యాబ్ చెప్పిన మోతాదు జిప్సం పొడిని సమంగా చల్లండి.
4. పై నాలుగంగుళాల్లోనే కలపండి. లోతుగా దున్నితే మందు పలచబడిపోతుంది.
5. నీళ్లు నిలబెట్టి ఇంకనివ్వండి. పది పదిహేను రోజులు మడి ఆరనివ్వకండి.
6. మిగిలిన నీళ్లు బయటికి తీసి, జీలుగ చల్లండి. చౌడులో మొలక తగ్గుతుంది కాబట్టి విత్తనం మామూలుకన్నా ఎక్కువ వేయండి.
7. పూత దశలో జీలుగను కలియదున్నండి.

పొలమంతా జిప్సం వేసే స్తోమత లేకపోతే గుంత పద్ధతి ఉంది. కర్నాల్‌లోని కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ దీన్ని చెట్ల కోసం రూపొందించింది. ట్రాక్టరు డ్రిల్లుతో మీటరుకు పైగా లోతైన బోరు గుంతలు వేసి, అడుగున ఉన్న సున్నపు గడ్డల పొరను చీల్చాలి. తవ్విన మట్టిలో సుమారు 3 కిలోల జిప్సం, 8 కిలోల పశువుల ఎరువు కలిపి నింపాలి. పొలం చౌడుగానే ఉన్నా వేరు కిందికి దిగడానికి దారి దొరుకుతుంది. చెట్లకు ఇది చాలు, గడ్డికి చాలదు.

### 4.3 గరప నేల, మొరం చెలక

ఇక్కడ లోటు నీరు, లోతు. వాలుకు అడ్డంగా కందకాలు తీయండి, వాలు వెంట వద్దు. ఎండాకాలంలో సబ్‌సాయిలర్‌తో (నేలను లోతుగా చీల్చే పనిముట్టు) వరుసలు చీల్చి పెడితే తొలకరి నీళ్లు ఆ చీలికల్లోకి దిగుతాయి. జిప్సం అవసరం లేదు. చెరువు మట్టి దొరికితే గుంతల్లోకి మాత్రం తోలండి, పొలమంతా తోలితే ఖర్చు రాదు.

### 4.4 వదిలేసిన రొయ్యల చెరువు

కోస్తాలో ఇవి ఎకరాలకు ఎకరాలున్నాయి. చెరువు అడుగు గట్టిపడి ఉంటుంది, ఉప్పు దిగి ఉంటుంది, పైన మేత కుళ్లిన నల్ల బురద ఉంటుంది.

ముందుగా గట్లు కొట్టకండి. ఆ గట్లతోనే ఒక వానకాలం వాన నీళ్లు నిలబెట్టి, తూము ద్వారా ఉప్పునీళ్లు బయటికి వదలండి. పక్క వరి చేలోకి కాదు, మురుగు డ్రెయిన్‌లోకి. సోడియం ఉందని రిపోర్టు వస్తే జిప్సం ఈ కడుగుడుకు ముందే పడాలి. కడిగాక మళ్లీ మట్టి పరీక్ష చేయించండి.

ఆ తర్వాత గట్ల మట్టిని లోపలికి తోసి, పల్లంలో ఎత్తు బోదెలు వేసి వాటి పక్క వాలులో నాటండి. పక్కనే ఇంకా రొయ్యల చెరువు నడుస్తుంటే మాత్రం ఖర్చు పెట్టకండి. ఆ ఉప్పునీళ్లు అడుగునుంచి ఊరుతూనే ఉంటాయి.

### 4.5 గని మట్టి దిబ్బలు, బూడిద చెరువులు

సింగరేణి ఓపెన్‌కాస్ట్ దిబ్బల్లాంటివి రైతు సొంతంగా చేసే పని కాదు. సంఘంగా ఒప్పందం మీద చేసేవాళ్లకు రెండు మాటలు: వాలు నిలబడేదాకా చెట్టు నాటకూడదు, ముందు గడ్డి, పప్పుజాతి మొక్కలు వేయాలి. బూడిద చెరువు మీద పెరిగిన ఆకును పశువులకు వేయకూడదు.

## 5. ఏ నేలకు ఏ మొక్క

సుబాబుల్: సున్నం ఉన్న నల్లరేగడికి, ఓ మోస్తరు క్షారానికి బాగుంటుంది. నీళ్లు నిలిస్తే చస్తుంది. నత్రజని తనే సంపాదించుకుంటుంది, నరికితే మళ్లీ చిగురిస్తుంది. మేకలకు ప్రాణం. గింజ పడినచోటల్లా మొలుస్తుంది కాబట్టి వాగు ఒడ్డున వేయకండి.

సరుగుడు: తీరం ఇసుక, ఉప్పు గాలి, క్షారం అన్నీ తట్టుకుంటుంది. నరికాక చిగురించడం నమ్మలేం, ప్రతిసారీ కొత్త మొక్క ఖర్చు ఉంటుంది. కర్ర వేడి మాత్రం వీటన్నిట్లో మెరుగు.

జామాయిల్: గరప చెలకలకు సరిపోతుంది. క్లోన్ మొక్కలే (మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచినవి) తీసుకోండి. నర్సరీవాళ్లను "ఏది బాగా పెరుగుతుంది" అని కాదు, "నా పీహెచ్‌కి ఏ క్లోన్" అని అడగండి. బావి పక్కన, చెరువు కింద వేయకండి.

నల్లతుమ్మ, సర్కారు తుమ్మ (చిల్లకంప): ఇవి పీహెచ్ 10 దాకా తట్టుకుంటాయి. నల్లతుమ్మ నాటొచ్చు. సర్కారు తుమ్మను కొత్తగా నాటమని నేను చెప్పను. ఇప్పటికే ఉన్నదాన్ని నరికి అమ్ముకోండి, ఆ డబ్బు జిప్సానికి వస్తుంది.

నేపియర్: బోరో కాలువో ఉండి, చౌడు బాగుపడిన నేలలో మాత్రమే. ఏపీబీఎన్-1, కో-4, కో-5 లాంటి రకాలున్నాయి. బ్రోచర్లలో రాసే ఎకరాకు 150 టన్నులు మంచి నేల, నిండు నీళ్ల లెక్క. మీ నేలకు అందులో సగం వేసుకుని లాభనష్టాలు చూడండి. సగంతో కూడా మిగిలితేనే దిగండి.

## 6. నాటడం

గుంతలు రోహిణి కార్తెలోపే తవ్వి ఎండనివ్వండి. తెలంగాణ, ఉత్తర కోస్తాల్లో మృగశిర, ఆరుద్రల్లో రెండు మంచి వానలు పడ్డాక నాటాలి. నెల్లూరు, ప్రకాశం తీరంలో అసలు వాన అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. అక్కడ జూన్‌లో నాటి ట్యాంకర్లతో నీళ్లు పోయడం వృథా.

సుబాబుల్ గింజ మీద గట్టి పెంకు ఉంటుంది. మరిగి దించిన వేడి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టండి. ఉబ్బిన గింజలే వేయండి. సరుగుడు నారుమడిలో గింజల్ని చీమలు మోసుకుపోతాయి, మడి చుట్టూ ముందే కట్టడి చేయండి.

ఎడం:

- సుబాబుల్: మిల్లుకూ అమ్మాలంటే 3 × 0.75 మీటర్లు, ఎకరాకు దాదాపు 1,800 మొక్కలు. ఇంధనానికే అయితే 2 × 1, దాదాపు 2,000.
- సరుగుడు: 1.5 × 1.5 మీటర్లు, దాదాపు 1,800.
- నేపియర్: రెండు కణుపుల ముచ్చెలు, 60 × 50 సెంటీమీటర్లు, ఎకరాకు సుమారు 13,500.

వాన తక్కువున్న గరప నేలలో ఎడం ఇంకా పెంచండి. దగ్గరగా నాటితే కర్ర ఎక్కువ వస్తుందన్నది నీళ్లున్న నేలకే వర్తిస్తుంది.

చౌడులో మొక్కను బోదె నడినెత్తిన నాటకండి, ఉప్పు చేరేది అక్కడే. బోదె పక్క వాలులో నాటండి. సుబాబుల్‌కు రైజోబియం, సరుగుడుకు ఫ్రాంకియా (గాలిలోని నత్రజనిని వేళ్లకు అందించే సూక్ష్మజీవులు) నర్సరీలోనే పట్టించాలి. బీడులో అవి వాటంతట అవి ఉండవు. ఫ్రాంకియా దొరక్కపోతే పాత సరుగుడు తోట వేళ్ల దగ్గరి మట్టి కొంచెం నారుమడిలో కలిపితే పని జరుగుతుంది.

నాటే రోజు చెక్‌లిస్టు:

- మట్టి మూడు నాలుగు అంగుళాల లోతు దాకా తడిసిందా?
- ఎర్ర నేలైతే గుంతలో చెదలకు వేపపిండి పడిందా?
- కవరు పూర్తిగా తీశారా? కూలీలు అడుగు చింపి అలాగే పెట్టేస్తారు, చూసుకోండి.
- వేరు చుట్టలు తిరిగిన మొక్కల్ని పక్కన పెట్టారా?
- నూటికి పది మొక్కలు అదనంగా ఉన్నాయా? చచ్చినచోట నెలలోపే మళ్లీ నాటాలి. తర్వాత నాటినవి నీడన పడిపోతాయి.

## 7. మొదటి పద్దెనిమిది నెలలు

కలుపు, మేక, నిప్పు. ఈ మూడింటిని ఆపగలిగితే మిగతాది చెట్టే చూసుకుంటుంది.

కలుపుకు మొక్క చుట్టూ మీటరు మేర శుభ్రం చాలు. మధ్య వరుసల్లో మొదటి ఏడాది ఉలవలు, అలసంద, జనుము వేయండి. మేకలకు కందకం, దాని గట్టు మీద కిత్తనార. ఫిబ్రవరి వచ్చేసరికి చుట్టూ మూడు మీటర్ల వెడల్పున ఎండుగడ్డి లేకుండా చెక్కేయండి.

ఎదురయ్యే సమస్యలు:

ఆకు పసుపు, ఈనెలు పచ్చగా: సున్నం, క్షారం ఎక్కువైన నేలలో ఇనుము అందడం లేదు. భూమిలో వేస్తే వృథా. అన్నభేదిని కొంచెం నిమ్మ ఉప్పుతో కలిపి ఆకు మీద కొట్టండి.

ఆకు అంచులు మాడటం: ఉప్పు. కొంచెం కొంచెంగా తరచు నీళ్లు పెడుతుంటే అలవాటు మార్చి, ఒకేసారి నిండుగా పెట్టి ఉప్పును వేరు కిందికి దించండి. బోరు నీళ్లనూ పరీక్ష చేయించండి.

జామాయిల్ ఆకు ఈనెల మీద బుడిపెలు: గాల్ కందిరీగ. మందుతో లాభం తక్కువ. తట్టుకునే క్లోన్‌కు మారడమే దారి.

సుబాబుల్ చిగుళ్లు ముడుచుకోవడం: సిల్లిడ్ పురుగు. పెద్ద చెట్లు తేరుకుంటాయి, టెన్షన్ పడి మందులు కొట్టకండి.

పల్లంలో వరుసలు ఒక్కసారిగా ఎండటం: ముందు మురుగు చూడండి, తర్వాతే తెగులు.

## 8. కోత, ఎండబెట్టడం, తూకం

సుబాబుల్, సరుగుడు మూడు నాలుగేళ్లకు కోతకొస్తాయి. బీడు నేలలో ఐదో ఏడు దాకా ఆగాల్సి రావచ్చు. నేపియర్ మొదటి కోత 70–75 రోజులకు. తర్వాతి కోతలు ఎన్నాళ్లకన్నది ప్లాంటుతో మాట్లాడుకోండి. నేలకు నాలుగైదు అంగుళాలు వదిలి కోయాలి.

డబ్బు పోయేదీ వచ్చేదీ తేమ దగ్గరే. నరికిన రోజు కర్రలో సుమారు 50 శాతం నీళ్లుంటాయి. అలాంటి 10 టన్నుల్లో అసలు కర్ర 5 టన్నులు. దాన్ని 20 శాతం తేమకు ఎండబెడితే బరువు 6.25 టన్నులు. కాబట్టి ఎండు కర్ర ధర పచ్చి కర్ర ధరకు 1.6 రెట్లు ఉంటేనే ఎండబెట్టినందుకు మీకు నష్టం రాదు. అంతకన్నా తక్కువిస్తే పచ్చిదే తూకం వేయించి వదిలించుకోండి.

కొనేవాళ్లతో బేరానికి ఇంకో లెక్క. 50 శాతం తేమలో కిలో కర్ర సుమారు 1,900 కిలో కేలరీలు ఇస్తే, 20 శాతంలో 3,400 దాకా ఇస్తుంది. అంటే బాయిలర్‌వాడికి ఎండు కర్ర దాదాపు 1.8 రెట్ల విలువ. మీరు 1.6 దగ్గర మొదలుపెట్టి 1.8 వైపు లాగండి.

ఎండబెట్టేటప్పుడు కిందకు రెండు దుంగలు అడ్డం పెట్టి వాటి మీద పేర్చండి. మట్టి అంటితే బూడిద శాతం పెరిగి ధరలో కోత పడుతుంది. ఆకు, సన్న రెమ్మలు పొలంలోనే వదిలేయండి, నేల బలం ఎక్కువగా ఉన్నది వాటిలోనే.

## 9. మోడు సంరక్షణ

సుబాబుల్, జామాయిల్ మోడును నేలకు నాలుగంగుళాల ఎత్తులో, రంపంతో, ఏటవాలుగా కోయించండి. గొడ్డలితో కొడితే బెరడు చీలి చిగురు సరిగా రాదు. కోతను వానలకు ముందు ముగించండి. నడి ఎండలో నరికిన మోళ్లు, ముఖ్యంగా గరప నేలలో, ఎక్కువగా చనిపోతాయి.

మోడుకు పది పదిహేను పిలకలొస్తాయి. మూడు నాలుగు నెలలకు బలమైనవి రెండో మూడో ఉంచి మిగతావి తీసేయండి. తీసిన సుబాబుల్ ఆకును పశువులకు మేతలో మూడో వంతు మించకుండా వేయొచ్చు. అంతకు మించితే అందులోని మైమోసిన్ అనే విష పదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి.

ప్రతి కోత తర్వాత అదే నాలుగు లోతుల మట్టిని మళ్లీ ల్యాబ్‌కు పంపండి. పై అడుగులో పీహెచ్ 8.5 లోపుకు దిగి, గుంతలో పోసిన నీళ్లు ఒక్కరోజులో ఇంకుతుంటే, మోళ్లు తీయించి ఆ మడిలో ముందు చౌడును తట్టుకునే వరి రకమో, జొన్నో వేసి చూడొచ్చు. దిగకపోతే గుంతకు మరో విడత జిప్సం, ఎరువు వేసి రెండో కోతకు వదిలేయండి.